కార్సన్ సిటీ వెండి డాలర్లు, జీఎస్ఏ పెట్టెలు: ఏది అరుదు, ఏది పేరుకే అరుదు?

అట్లాంటా_శ్రీ:
మోర్గాన్ డాలర్లలో (1878 నుంచి అమెరికా కొట్టిన వెండి డాలర్లు) కార్సన్ సిటీ టంకశాలవి, అంటే సీసీ ముద్ర ఉన్నవి, పోగుచేయడం మొదలుపెడదామని ఉంది. ఇక్కడ ఒక డీలర్ మూడు చూపించాడు.

1) 1884-సీసీ. అమెరికా ప్రభుత్వ సంస్థ జీఎస్ఏ అమ్మిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. బయటి డబ్బా, కార్డు కూడా ఉన్నాయి.
2) 1890-సీసీ. అదే రకం ప్లాస్టిక్ పెట్టె. డబ్బా లేదు, కార్డు లేదు.
3) 1889-సీసీ. పెట్టె లేని విడి నాణెం, కాస్త అరిగింది. బయటి ధరలో సగం కంటే తక్కువకే ఇస్తానంటున్నాడు.

మూడింటికీ ఒకటే మాట: "ట్రెజరీ నిధిలోంచి బయటపడ్డ అరుదైన సరుకు." నా బడ్జెట్‌లో ఒక్కటే పడుతుంది. ఏది తీసుకోవాలి, ఏమేం పరీక్షించాలి?

కామ్‌స్టాక్:
శ్రీ గారూ, మూడోదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దాని సంగతి త్రాసు గారు చూసుకుంటారు. ముందు ఆ "నిధి" అనే మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

నెవాడాలో కామ్‌స్టాక్ గనుల వెండిని దగ్గరలోనే నాణేలు కొట్టడానికి కార్సన్ సిటీలో 1870లో టంకశాల తెరిచారు. నాణేల ముద్రణ 1893తో ఆగిపోయింది. ఈలోపు 1878లో బ్లాండ్-అలిసన్ చట్టం వచ్చింది. నెలకి కనీసం 20 లక్షల డాలర్ల విలువైన వెండి కొని డాలర్లుగా కొట్టమని ట్రెజరీకి ఆజ్ఞ. ఇంత బరువైన బిళ్ళలు జనం జేబుల్లోకి వెళ్ళవు కదా. వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాలో పడేశారు. వాటి బదులు కాగితం సర్టిఫికెట్లు బజార్లో తిరిగాయి.

1960ల మొదట్లో వెండి ధర ఎక్కుతుంటే జనం ఆ సర్టిఫికెట్లు తీసుకొచ్చి డాలర్ల సంచులు పట్టుకెళ్ళారు. 1964 మార్చిలో ట్రెజరీ కౌంటర్ మూసేసి లెక్క చూసుకుంటే దాదాపు 30 లక్షల నాణేలు మిగిలాయి. వాటిలో సింహభాగం కార్సన్ సిటీవి. వాటిని అమ్మడానికి 1970 డిసెంబరు 31న చట్టం అయింది. ఆ పని జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ మీద పడింది. జీఎస్ఏ అంటున్నది దాన్నే. 1972 అక్టోబరు నుంచి 1974 వరకు ఐదు అమ్మకాలు, 1980లో ఇంకో రెండు. అంతటితో ఖాళీ.

ఇప్పుడు అసలు విషయం. ఏ సంవత్సరానివి ఎన్ని దొరికాయో చూడండి. బ్రాకెట్లో ఉన్నది ఆ ఏడు ముద్రించిన మొత్తం.

1878: 60,993 (22,12,000)
1879: 4,123 (7,56,000)
1880: 1,31,529
1881: 1,47,485 (2,96,000)
1882: 6,05,029 (11,33,000)
1883: 7,55,518 (12,04,000)
1884: 9,62,638 (11,36,000)
1885: 1,48,285 (2,28,000)
1890: సుమారు 3,950 (23,09,041)
1891: 5,687 (16,18,000)
1889, 1892, 1893: ఒక్కొక్కటే

1880 పక్కన మొత్తం రాయలేదు. పుస్తకాల్లో రెండు రకాల అంకెలు కనిపిస్తాయి.

1884 వరస మళ్ళీ చూడండి. ఆ ఏడాది కొట్టినవాటిలో నూటికి 84 పైగా సంచి విప్పకుండా అలాగే ఉండిపోయాయి. అంటే మీ డీలర్ మొదటి నాణెం అందమైనదే, చరిత్ర ఉన్నదే, కానీ అరుదైనది కాదు. ఎప్పుడు వెతికినా పది దొరుకుతాయి. 1885 చిత్రం ఇంకోలా ఉంటుంది. ముద్రించిందే 2,28,000. అయినా మూడింట రెండొంతులు కొత్తవిగానే బతికాయి కాబట్టి వాడి అరిగినది దొరకడమే కష్టం.

1890 దీనికి తలకిందులు. నాణెంగా చూస్తే అరుదేమీ కాదు, 23 లక్షలు కొట్టారు, బయట విడిగా బోలెడు ఉన్నాయి. కానీ జీఎస్ఏ పెట్టెలో ఉన్నవి నాలుగు వేల లోపే. అక్కడ మీరు డబ్బు పెట్టేది పెట్టెకి. ఈ తేడా తెలిసి పెడితే తప్పులేదు.

నాణేలపిచ్చి:
కామ్‌స్టాక్ గారి లెక్కకి ఒక తోక. మొత్తం ఎన్ని ముద్రించారన్న అంకెని బట్టి అరుదుతనం తేల్చకూడదని 1903-ఓ చెబుతుంది. న్యూ ఆర్లీన్స్ నాణెం, 44,50,000 కొట్టారు. కానీ బయట కనపడేది కాదు. అందరూ కరిగిపోయాయనుకున్నారు. మోర్గాన్లలో అత్యంత ఖరీదైనవాటిలో ఒకటిగా నిలబడింది. 1962 నవంబరులో ట్రెజరీ నుంచి ఆ సంవత్సరం సంచులు సంచులుగా బయటికొచ్చేసరికి ధర కుప్పకూలింది. జీఎస్ఏ విషయంలో ఆ భయం లేదు. లెక్క తేలిపోయింది, ఖజానా ఖాళీ అయింది.

ప్రైవేటు నిధులు మాత్రం తర్వాత కూడా బయటపడ్డాయి. నెవాడా రీనోలో లావేర్ రెడ్‌ఫీల్డ్ అనే ఆయన 1974లో చనిపోయాక ఇంట్లో 4 లక్షలకి పైగా వెండి డాలర్లు దొరికాయి. 1976 జనవరిలో కోర్టు వేలంలో 73 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి. అందులోని 1893-సీసీ నాణేలు చాలావాటికి లెక్కపెట్టే యంత్రం వల్ల పడ్డ గీతలున్నాయి. వాటి పెట్టెలు వేరు, జీఎస్ఏవి కావు. డీలర్లు రెండు నిధుల పేర్లూ కలిపేసి మాట్లాడతారు, జాగ్రత్త.

త్రాసు:
మూడో నాణెం గురించి.

కామ్‌స్టాక్ గారి పట్టికలో 1889కి ఎదురుగా ఉన్నది 1. ఒక్కటే. కాబట్టి పెట్టె లేని 1889-సీసీని చూపించి "ట్రెజరీ నిధి" అన్నాడంటే, నాణెం మంచిదైనా మాట మంచిది కాదు. సగం ధర కూడా కలిస్తే నేను తాకను. అయినా పరీక్ష ఎలా చేయాలో అడిగారు కాబట్టి:

బరువు. కొత్త మోర్గాన్ 26.73 గ్రాములు. టంకశాల ఒప్పుకున్న తేడా అటూ ఇటూ 0.097 గ్రాము. అరిగినది 26.4, బాగా అరిగితే 26 దగ్గరికి దిగొచ్చు. పైకి మాత్రం పోదు. 27 చూపిస్తే నకిలీ. త్రాసు 0.01 గ్రాము వరకు చూపించేది కావాలి. ముందు 20 లేదా 50 గ్రాముల ప్రమాణ తూకంరాయితో సరిచూసుకోండి. వంటింటి త్రాసుతో కుదరదు.

వ్యాసం 38.1 మి.మీ. అంచు చుట్టూ నిలువు గాట్లు సమానంగా ఉండాలి. పోతపోసిన నకిలీకి అంచు మధ్యలో సన్నటి అతుకు గీత కనబడుతుంది.

సాంద్రత. ఇది అందరూ తప్పుగా చేస్తారు. చిన్న గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ, గోడకీ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపించే అంకె నాణెం ఘనపరిమాణం. మంచి మోర్గాన్‌కి 2.59 దగ్గర వస్తుంది. గాలిలో బరువుని దాంతో భాగించండి. 10.2 నుంచి 10.4 మధ్య వస్తే 90 శాతం వెండి, 10 శాతం రాగికి సరిపోతుంది. 9 కిందికి వస్తే లోపల ఇత్తడో రాగో ఉన్నట్టు. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే అంకె పెరిగి సాంద్రత తగ్గినట్టు కనబడుతుంది. నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు ద్రావణం వేస్తే బుడగలు నిలవవు. అడుగుకి తగిలితే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది, అప్పుడు మళ్ళీ మొదటినుంచి. ఈ పరీక్ష అరిగిన నాణేలకే. మెరుపు చెడని కొత్త నాణేన్ని నీళ్ళలో ముంచకండి.

అయస్కాంతం. వెండి అంటుకోదు. నాణేన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి నియోడిమియం ముక్క వదిలితే మెల్లగా, బ్రేకు వేసినట్టు జారాలి. సర్రున జారితే లోపలి లోహం వేరు.

ఇక అసలు చిక్కు. 1889-సీసీ విషయంలో పైవన్నీ నెగ్గినా నాణెం దొంగదే కావచ్చు. అదే సంవత్సరం ఫిలడెల్ఫియా 2 కోట్ల 17 లక్షల డాలర్లు కొట్టింది. వాటికి టంకశాల ముద్ర ఉండదు, కారుచవక. అలాంటి మంచి నాణేనికి వెనకవైపు రెండు సీ అక్షరాలు అతికిస్తే బరువు, వెండి, సాంద్రత, అంచు అన్నీ సరిగ్గానే ఉంటాయి. కాబట్టి చూడాల్సింది ఆ రెండు అక్షరాలనే. వెనకవైపు ఆకుదండ ముడి కింద, డాలర్ అన్న మాటకి పైన ఉంటాయి. 20 రెట్ల భూతద్దంతో పక్క నుంచి చూడండి. అసలైతే ముద్రని అచ్చులోకే గుద్దుతారు కాబట్టి అక్షరం గోడ నాణెం నేలలోంచి నునుపుగా లేస్తుంది. అతికించినదైతే మొదట్లో సన్నటి సందు, జిగురు మరక, లేదా చుట్టూ రంగు తేడా కనబడుతుంది. ఒక్క అక్షరం చుట్టూ మాత్రమే శుభ్రంగా మెరుస్తుంటే, అక్కడ ఎవరో పని చేశారన్నమాట.

గీటురాయి మీద గీయడం, యాసిడ్ చుక్క వేయడం వద్దు. మంచి నాణేన్ని మీరే పాడు చేస్తారు. హైదరాబాద్, విజయవాడ వైపు ఉన్నవాళ్ళు హాల్‌మార్క్ సెంటర్‌లో ఎక్స్‌రే యంత్రంతో చూపించుకోవచ్చు. "గీయొద్దు, కత్తిరించొద్దు" అని ముందే చెప్పండి. అది పైపొర మాత్రమే చదువుతుంది, మందంగా వెండి పూత ఉంటే మోసపోతుంది. అందుకే సాంద్రత కూడా కావాలి.

కామ్‌స్టాక్:
ఇంకోటి. 1886, 1887, 1888లో కార్సన్ సిటీ డాలర్లు కొట్టలేదు. ఆ సంవత్సరాల సీసీ ఎవరైనా చూపిస్తే భూతద్దం బయటికి తీయక్కర్లేదు. 1900 న్యూ ఆర్లీన్స్ నాణెంలో ఓ కింద సీసీ నీడలా కనిపిస్తే మాత్రం అది నకిలీ కాదు. టంకశాల మూతపడ్డాక మిగిలిన వెనకవైపు అచ్చుల మీద ఓ గుద్ది వాడుకున్నారు. దానికి సేకరణలో మంచి గిరాకీ.

గోదారిగట్టు:
త్రాసు గారూ, 1889 సంగతి సరే. ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నదాన్ని తూచలేం కదా? జీఎస్ఏ పెట్టెకీ నకిలీలు వస్తున్నాయని విన్నాను.

ఓరచూపు:
వస్తున్నాయి. రెండు రకాలు. ఒకటి, పెట్టె, నాణెం రెండూ నకిలీ. రెండోది ఇంకా పాడు: పెట్టె అసలుది, లోపల నాణెం మార్చేశారు. ఆ పెట్టె రెండు సగాలు ఒకదానిలో ఒకటి బిగిసినవే, ఓపికుంటే విప్పొచ్చు. 65 గ్రేడు (నాణెం స్థితికి 70 దాకా వేసే అంకె, 60 నుంచి పైవి వాడనివి) నాణేన్ని తీసుకుని 61ది పెట్టి మూసేస్తారు.

నేను చూసే వరస ఇది. ముందు పెట్టె అంచు చుట్టూ వేలు తిప్పండి. స్క్రూడ్రైవర్ మొన పెట్టి తెరిచిన చోట చిన్న నొక్కు, తెల్లటి ఒత్తిడి మచ్చ ఉంటుంది. మూలల్లో పగుళ్ళు వయసుకే రావచ్చు, కానీ అంచు మధ్యలో నొక్కు వయసుది కాదు. తర్వాత నల్లటి లోపలి అట్ట మీద అక్షరాలు. ఒరిజినల్‌లో సంవత్సరం, కార్సన్ సిటీ, అన్‌సర్క్యులేటెడ్ సిల్వర్ డాలర్ అని ముద్ర స్పష్టంగా, అంచులు పదునుగా ఉంటుంది. "అన్‌సర్క్యులేటెడ్" అన్న మాట లేకపోతే అది నకిలీ అనుకోవద్దు. రంగు మారినవి, గీతలున్నవి వేరే వర్గంగా ఆ మాట లేకుండా అమ్మారు. అట్ట మీది సంవత్సరం, నాణెం మీది సంవత్సరం ఒకటేనా అని కూడా చూడండి. నవ్వకండి, ఇది చూడనివాళ్ళే ఎక్కువ.

బయటి డబ్బా, కార్డు దేనికీ రుజువు కావు. ఆన్‌లైన్‌లో విడివిడిగా అమ్ముతారు. మీ 1884కి అవి ఉన్నాయని ధర పెంచితే ఆ పెంపు మీ సరదాకి కట్టే డబ్బు. 1890కి లేవని భయపడక్కర్లేదు.

ఇక గ్రేడు. ఒకే చోట నుంచి వచ్చే వెలుగు కావాలి. ట్యూబ్‌లైటు కింద అన్ని డాలర్లూ అందంగానే ఉంటాయి. టేబుల్ ల్యాంపు ఒకటి పెట్టి మిగతావి ఆర్పేయండి. నాణేన్ని ఓరగా వంచి మెల్లగా తిప్పండి. 5 నుంచి 7 రెట్ల అద్దం చాలు. అంతకంటే ఎక్కువైతే గోరంత దెబ్బ కొండంత కనబడి మతి పోతుంది.

ముందుగా నాణెం ముందువైపున్న లిబర్టీ దేవత చెంప. వెయ్యి నాణేల సంచి బరువు 26 కిలోలు దాటుతుంది. అలాంటి సంచుల్ని దశాబ్దాలపాటు ఎత్తారు, దించారు. ఒకదాని అంచు ఇంకోదాని చెంప మీద పడితే నిలువు గాట్ల వరస అచ్చుపడుతుంది. చెంప మీద లోతైన గాటు ఒక్కటున్నా 65 రాదు. జుట్టు మీద, రెక్కల మీద ఉన్న దెబ్బలు డిజైన్లో కలిసిపోతాయి, వాటికి అంత శిక్ష పడదు. తర్వాత ముఖం ముందున్న ఖాళీ నేల. ఆ తర్వాత చెవి పైన జుట్టు, వెనకవైపు గద్ద రొమ్ము. అక్కడ ఈకలు లేకపోతే రెండు కారణాలు కావచ్చు: అచ్చు సరిగా పడలేదు, లేదా అరిగింది. తిప్పినప్పుడు ఆ చోట కూడా మెరుపు చక్రంలా తిరిగితే అచ్చు లోపం. అక్కడ బూడిదరంగుగా మెరుపు ఆగిపోతే అరుగుదల.

జీఎస్ఏ వాళ్ళు అన్‌సర్క్యులేటెడ్ అని రాశారంటే అది 60 కావచ్చు, 66 కావచ్చు. వాళ్ళు గ్రేడు చేయలేదు, వేరు చేశారంతే. 64కీ 65కీ మధ్య ధర తేడా చూశాక చెంపని ఇంకోసారి చూస్తారు మీరే.

అద్దంలాంటి నేల ఉన్నవి కార్సన్ సిటీవాటిలో బాగా వస్తాయి. ముద్రించిన కాగితాన్ని నాణేనికి ఎదురుగా నిలబెట్టండి. 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో అక్షరాలు ప్రతిబింబంలో చదవగలిగితే ప్రూఫ్‌లైక్. 10 నుంచి 15 దాటినా చదవగలిగితే డీప్ మిర్రర్. రెండు వైపులా ఉండాలి. పెట్టె ప్లాస్టిక్కే అద్దంలా మెరుస్తుంది కాబట్టి కాస్త వంచి చూడకపోతే మామూలు నాణెం కూడా ప్రూఫ్‌లైక్ అనిపిస్తుంది.

నాణేలపిచ్చి:
ఇంత గొడవ ఎందుకు, పెట్టె పగలగొట్టి నాణెం పీసీజీఎస్ అనే గ్రేడింగ్ కంపెనీకి పంపితే వాళ్ళే గ్రేడు వేసి సీలు చేస్తారు కదా. ప్లాస్టిక్ మీద గీతల బాధా ఉండదు.

కామ్‌స్టాక్:
వద్దు బాబూ. 1884 అయితే పెద్ద నష్టం లేకపోవచ్చు, 1890 అయితే మీ చేత్తో మీరే విలువ పగలగొట్టినట్టు. దాని ప్రత్యేకతే ఆ పెట్టె. పైగా పగలగొట్టక్కర్లేదు. జీఎస్ఏ పెట్టెని యథాతథంగా ఉంచి గ్రేడు చేసే పద్ధతి ఎన్‌జీసీ, పీసీజీఎస్ కంపెనీలు రెండింటికీ ఉంది. ఎన్‌జీసీ వాళ్ళు పెట్టె చుట్టూ గ్రేడు రాసిన పట్టీ వేస్తారు. తెరిచిన ఆనవాళ్ళు, పగుళ్ళు ఉంటే ఒప్పుకోకపోవచ్చు. పంపే ముందు ఓరచూపు గారు చెప్పిన అంచు పరీక్ష చేయండి. పట్టీ ఉన్నది కొంటే సర్టిఫికెట్ నంబరు కంపెనీ సైటులో కొట్టి, అక్కడి ఫొటోలోని దెబ్బల్ని చేతిలో ఉన్న నాణెంతో పోల్చండి. నంబరు సరిపోవడం ఒక్కటే చాలదు. నకిలీలవాళ్ళు నిజమైన నంబర్లే కాపీ కొడతారు.

ప్లాస్టిక్ గీతలకి ప్లాస్టిక్ పాలిష్ పనిచేస్తుంది. కానీ బట్ట మీద వేసి బట్టతో రుద్దాలి. పెట్టె మీద నేరుగా పోస్తే అతుకులోంచి లోపలికి దిగి నాణేనికి మరక పడుతుంది.

గోదారిగట్టు:
మా కాకినాడ గాలికి వెండి ఏదైనా నల్లబడుతుంది. పెట్టె విప్పకూడదు సరే, విడి డాలర్ల మాటేమిటి? ఇంట్లో అయితే చింతపండు, విభూతి పెట్టి తోమేస్తారు.

త్రాసు:
పూజ గిన్నెలకి తోమండి, డాలర్లకి వద్దు. విభూతి సన్నటి ఇసుకలా పనిచేస్తుంది. వేల సంఖ్యలో వెంట్రుక గీతలు పడతాయి, ల్యాంపు కింద ఒకే దిక్కుగా మెరుస్తూ కనబడతాయి. చింతపండు పులుపు పైపొరని తినేస్తుంది. గ్రేడింగ్ కంపెనీ అలాంటిదానికి అంకె ఇవ్వదు, "శుభ్రం చేసినది" అని రాసి పంపుతుంది. 64 కావాల్సింది వెండి ధరకి దిగిపోతుంది. పేస్టు, సోడా, అల్యూమినియం రేకు చిట్కా అన్నీ ఇదే కోవ.

నలుపు అంటే సిల్వర్ సల్ఫైడ్ పొర. పలచగా, రంగురంగులుగా ఉంటే వదిలేయండి, కొందరు దానికే ఎక్కువిస్తారు. ఆకుపచ్చగా జిగటగా ఉంటే మాత్రం ఆగకూడదు. అది మెత్తటి పీవీసీ కవర్లోంచి కారినది, లోహాన్ని తింటూనే ఉంటుంది. శుద్ధమైన అసిటోన్ తీసుకోండి. గోళ్ళరంగు తీసేది కాదు, దాంట్లో సువాసన, నూనె కలుపుతారు. గాజు గిన్నెలో పోసి నాణేన్ని 10 నిమిషాలు ఉంచి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచి, నిలబెట్టి ఆరనివ్వండి. రుద్దొద్దు, తుడవొద్దు. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. అసిటోన్ వెండిని ముట్టుకోదు, ప్లాస్టిక్‌ని మాత్రం కరిగిస్తుంది. కాబట్టి జీఎస్ఏ పెట్టె దరిదాపుల్లో కూడా వాడకండి.

నిల్వకి మైలార్ కవర్లు లేదా గట్టి గుండ్రటి క్యాప్సూళ్ళు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్ట, పాత కార్డుబోర్డు దగ్గర పెట్టొద్దు. వాటిలో గంధకం ఉంటుంది.

విశాఖ_1918:
వీటికి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ వెండి రూపాయలకి కటకట. 1917 చివర్లో రూపాయి నోటు, 1918 మొదట్లో రెండున్నర రూపాయల నోటు ఆ కటకటలోంచే వచ్చాయి. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల 2 లక్షల వెండి డాలర్లు కరిగించింది. అందులో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి బ్రిటన్‌కి అమ్మింది, ఇండియా అవసరానికి. ఏ సంవత్సరానివి ఎన్ని కరిగించారో లెక్క రాయలేదు. మోర్గాన్ల అరుదుతనం మొత్తం ఆ రాయని లెక్క మీదే నడుస్తోంది. మన ఇళ్ళలోని ఐదో జార్జి రూపాయల్లో ఆ వెండి కొంత ఉండే ఉంటుంది.

ఇక ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళకి. బిల్లు దగ్గర పెట్టుకుని కస్టమ్స్‌లో చూపించండి. సుంకం ఏ పద్దు కింద వేస్తారో ముందే బ్రోకర్‌ని అడగండి, వెండి మీద నిబంధనలు తరచూ మారుతుంటాయి. అంతకంటే ముఖ్యం, 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్ళు దాటిన నాణెం ఆ చట్టం నిర్వచనంలోకి వస్తుంది. ఏ దేశపు నాణెం అన్న మినహాయింపు నిర్వచనంలో లేదు. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1884 డాలర్‌ని ఇక్కడికి తెచ్చి, తర్వాత గ్రేడింగ్‌కని మళ్ళీ అమెరికాకి పంపుదామనుకుంటే చిక్కుల్లో పడతారు. గ్రేడింగ్ అంతా అక్కడే ముగించుకుని తేవడం మేలు. లేదా అక్కడే లాకర్లో ఉంచండి.

నాణేలపిచ్చి:
అమెరికాలో ఉంచేవాళ్ళకి రెండు ముక్కలు. ఇంటి బీమాలో నాణేలకి ఉండే పరిమితి చాలా పాలసీల్లో 200 డాలర్ల దగ్గరే. విడిగా రాయించకపోతే దొంగతనం జరిగినా వచ్చేది అంతే. ఇంకోటి, ఏడాది దాటాక లాభానికి అమ్మితే షేర్లకి పడే రేటు కాదు, కలెక్టిబుల్స్‌కి ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పోవచ్చు. కొన్న బిల్లు పారేయకండి.

వెండి విలువ ఎంతో కూడా చూసుకోండి. ఒక మోర్గాన్‌లో నికరంగా 24.06 గ్రాముల వెండి, అంటే 0.7734 ట్రాయ్ ఔన్సు. ఔన్సు 30 డాలర్లనుకుంటే 23 డాలర్ల 20 సెంట్లు. ఆ పైన ఇచ్చేదంతా సంవత్సరానికి, గ్రేడుకి, పెట్టెకి. ఏ ముక్కకి ఎంత ఇస్తున్నారో విడదీసి అడిగితే డీలర్ కూడా మర్యాదగా మాట్లాడతాడు.

అట్లాంటా_శ్రీ:
1889 వదిలేశాను. 1890 పెట్టె అంచు చూశాను, నొక్కులేమీ లేవు. చెంప మీద రెండు చిన్న దెబ్బలున్నాయి, లోతు లేవు. కానీ వెనకవైపు గద్ద తోక దగ్గర నుంచి కింద ఆకుదండ దాకా ఒక గీత ఉంది. దీనివల్ల గ్రేడు పోతుందని డీలరే చెప్పి ధర కొంచెం తగ్గించాడు. వదిలేయమంటారా?

ఓరచూపు:
ఆగండి. ఆ గీత ఎక్కడ మొదలవుతోంది? తోక మొదటి ఈకా, బాణాల అడుగు ఈకా కలిసే చోటా?

అట్లాంటా_శ్రీ:
అవును, సరిగ్గా అక్కడే. అక్కడి నుంచి నిటారుగా ఆకుల దాకా. కాస్త మందంగానే ఉంది.

ఓరచూపు:
అయితే అది ఉబ్బెత్తుగా ఉందా, గుంటగా ఉందా తేల్చుకోండి. 1890-సీసీలో టెయిల్‌బార్ అనే రకం ఉంది, అచ్చుల తేడాలకి నంబర్లు వేసే వ్యామ్ జాబితాలో వ్యామ్-4 అని ఉంటుంది. అచ్చుకే అక్కడ లోతైన గాటు పడింది. అచ్చులో గాటు కాబట్టి నాణెం మీద అది పైకి లేచిన కడ్డీలా వస్తుంది. గుంటగా ఉంటే మామూలు గీతే, డీలర్ చెప్పింది నిజం.

కంటికి ఇది మోసం చేస్తుంది. ల్యాంపుని మీ ఎడమవైపు పెట్టండి. గద్ద తల పైకి ఉండేలా నాణేన్ని పట్టుకోండి. ఉబ్బెత్తు కడ్డీ అయితే ఎడమ అంచు మెరిసి కుడివైపు నీడ పడుతుంది. గుంట అయితే ఎడమ అంచు చీకటిగా, కుడి అంచు మెరుస్తుంది. తర్వాత ల్యాంపుని కుడికి మార్చి చూడండి, మెరుపూ నీడా తారుమారవ్వాలి. ల్యాంపు పైనో కిందో పెడితే గీత వెలుగు దారిలో పడి మాయమైపోతుంది, అది చూసి తీర్పు చెప్పకండి.

కామ్‌స్టాక్:
ఉబ్బెత్తే అయితే డీలర్ దగ్గర ఇంకేం మాట్లాడకుండా ఆ తగ్గించిన ధరకే తీసుకోండి. బిల్లు మీద సంవత్సరం, జీఎస్ఏ పెట్టె అని రాయించుకోండి. గ్రేడింగ్‌కి పంపేటప్పుడు ఫారంలో వ్యామ్ గుర్తింపు కావాలని విడిగా టిక్కు పెట్టి రుసుము కట్టాలి. పెట్టకపోతే పట్టీ మీద ఉత్త 1890-సీసీ అనే వస్తుంది. పంపే ముందు ఎడమ ల్యాంపు ఫొటో ఒకటి, కుడి ల్యాంపు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, చూస్తాం.